టూల్ స్ప్రింగ్ మీదుగా

టూల్ స్ప్రింగ్ రాంచ్, ఆరెగన్
మే నెల

గార్త్‌కి,

నువ్వు బాగానే ఉండి ఉంటావు. ఉత్తరాలు రాసుకోవడం మానేసి చాలా కాలమైంది కాబట్టి క్షేమ సమాచారాలతో మొదలుపెట్టడం నాకు చేతకావట్లేదు. విషయానికే వస్తాను.

మంచు కరిగినప్పటి నుంచీ మా ఇంటి ముందుగా సైకిళ్ళ వాళ్ళు పోతున్నారు. ఈ కంకర రోడ్డు మీద నేనూ, పోస్టు బండీ, దారి తప్పిన వేటగాళ్ళూ తప్ప ఎవరూ తిరగరని నీకు తెలుసు. ఇప్పుడు రంగురంగుల చొక్కాలు వేసుకుని గుంపులుగా వస్తున్నారు. మొన్న ఒకతను ఏకంగా వాకిట్లోకి వచ్చి పంపు దగ్గర సీసాలు నింపుకుంటున్నాడు. ఎవరినడిగి అన్నాను. మ్యాపులో ఉందండీ అన్నాడు. ఫోను తీసి చూపించాడు. మా ఇంటి మీదుగా ఎర్రగీత. పంపు ఉన్నచోట నీలం చుక్క. కింద దారి గీసినవాడి పేరు. నీ పేరు.

రోడ్డు కౌంటీదే, కాదనను. పంపు మాత్రం నాది. మీ బావ రాయిస్ పోయాక పశువుల్ని అమ్మేసి నేనిక్కడ ఉంటున్నది నా మానాన నేను ఉందామని. ఆ గీత చెరిపెయ్.

ఇంకొకటి. అలాంటి గీత గీయాలంటే ఆ దారిన తొక్కుకుంటూ వచ్చి చూడాలిట కదా, ఆ అబ్బాయే చెప్పాడు. అంటే నువ్వు వచ్చావు. మీ బావని పూడ్చిన రోజు చూశాను నిన్ను, మళ్ళీ లేదు. మా కిటికీ ముందు నుంచి వెళ్ళి కూడా లోపలికి రాలేదన్నమాట.

వెర్లా

*

బెండ్, ఆరెగన్
మే నెలాఖరు

అక్కా,

నీ తిట్లు అందాయి. కవరు విప్పకముందే తెలిసింది నాకు, షాపు చిరునామా రాసిన చోట పెన్ను కాగితాన్ని పొడిచేసింది.

తప్పే. అడగాల్సింది. ఏం జరిగిందంటే, ఈ కంకర దారుల మీద తొక్కేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. తారు రోడ్డు మీద ట్రక్కుల పక్కన ప్రాణం అరచేతిలో పెట్టుకుని తొక్కడం కంటే, ఎవరూ లేనిచోట సేజ్ పొదల మధ్య రోజంతా పోవడమే నయం అంటారు. నేను వాళ్ళకి దారులు వెతికి పెడతాను. షాపులో సైకిళ్ళు బాగుచెయ్యడం కంటే ఈ పనే నాకిష్టం. ఈ దారి డెన్నింగ్ నుంచి ఫోర్ట్ కాస్ దాకా. ఆ రెంటి మధ్యా నీ పంపు తప్ప చుక్క నీరు లేదు. అందుకే అటు గీశాను.

గీత మారుస్తాను. మాటిస్తున్నాను. కానీ ఊరికే చెరిపేస్తే జనం నీళ్ళు లేక పడిపోతారు. మీకు ఉత్తరం దిక్కున కొండ అంచు మీదుగా, ఎండిన సరస్సు వెనకనుంచి పాతకాలపు బండిబాట ఒకటుందని విన్నాను. అది ఇంకా మిగిలి ఉందో లేదో నేను వెళ్ళి తొక్కి చూడాలి. శరత్కాలం వచ్చేదాకా ఓర్చుకో.

తలుపు తట్టాను అక్కా. నువ్వు ఇంట్లో లేవు.

నీ మరదలు కొలీన్ కులాసా. నిన్ను అడిగానని రాయమంది.

గార్త్

*

టూల్ స్ప్రింగ్
జూన్

గార్త్‌కి,

తట్టానన్నావు. సరే, నమ్మాననే అనుకో.

గేటుకి అట్టముక్క కట్టి ‘నీళ్ళు లేవు’ అని రాశాను. రెండు రోజులు బాగానే పనిచేసింది. మూడోరోజు ఒకామె సైకిలు నడిపించుకుంటూ వచ్చి, ఆ అట్ట చదివి, రోడ్డు అవతల నీడ కూడా లేనిచోట కూర్చుంది. ఎంతసేపటికీ లేవదు. నేను కిటికీలోంచి చూస్తూ గిన్నెలు కడిగాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. ఇంక ఉండలేక వెళ్ళి ఏమైంది అని అడిగాను.

టైరు పక్కభాగం నల్లరాయి తగిలి అరచేతి పొడవున చీరుకుపోయింది. పేరు జోనెల్. బోయిసీలో బడిపంతులమ్మ. ఫోను పలకదు, ఇంకో టైరు లేదు. ఎవరైనా వస్తారని చూస్తున్నానండి అంది. ఎవరొస్తారమ్మా ఇక్కడికి అని లోపలికి తీసుకొచ్చాను.

మీ బావ జీనులు కుట్టే సూది, మైనం రాసిన దారం కొట్టంలో అలాగే ఉన్నాయి. టైరుని జీను పట్టీలా కుట్టాను. లోపల బూటు తోలు ముక్క పెట్టాను. నీ షాపులో చేసేదానికంటే గట్టిగానే వచ్చింది. ఆమె బీన్స్ రెండు గిన్నెలు తింది. తింటూ, మీకిక్కడ ఒక్కరికీ తోచుతుందా అని అడిగింది. పని ఉంటుంది కదా అన్నాను. నువ్వెందుకు ఒక్కదానివే తిరుగుతున్నావు అని నేనడిగాను. తోడు వస్తే వాళ్ళు ఆగినప్పుడల్లా ఆగాలి, వాళ్ళు మాట్లాడినప్పుడల్లా మాట్లాడాలి అంది. అలా అన్న మనిషే చీకటిపడేదాకా మాట్లాడింది. పొద్దున్నే లేచి వెళ్ళిపోయింది.

అట్ట గాలికి ఎగిరిపోయింది. మళ్ళీ కట్టాలి, తీరిక దొరకలేదు.

దారి సంగతి మర్చిపోకు. మార్చాల్సిందే.

వెర్లా

*

బెండ్
జూలై

అక్కా,

నీ పేరు మారుమోగిపోతోంది. షాపుకి వచ్చినవాళ్ళు ‘టూల్ స్ప్రింగ్‌లో ఒకావిడ ఉంది, తిడుతూ టైర్లు కుడుతుంది’ అని చెప్పుకుంటున్నారు. మా అక్కేనని నేను చెప్పలేదు. చెప్తే నాతో బేరాలాడటం మానేస్తారు, నీకు భయపడి.

రెండుసార్లు వెళ్ళొచ్చాను కొండ అంచు మీదికి. బండిబాట ఉంది అక్కా. కొన్నిచోట్ల జూనిపర్ చెట్లు మొలిచి మూసుకుపోయింది. కొన్నిచోట్ల ధూళి పిండిలా ఉంటుంది, చక్రం సగం దిగబడిపోతుంది, దిగి నడిపించుకోవాలి. కానీ పైకెక్కాక చూడాలి. ఒకవైపు మొత్తం సరస్సు, తెల్లగా, ఉప్పు పేరుకుని. రోజంతా తొక్కితే మనిషి జాడ లేదు. జింకలు మాత్రం పక్కనే పరుగెత్తుకుంటూ వచ్చాయి కాసేపు, వీడెవడో చూద్దామన్నట్టు. పశువులకని ఎవరో కట్టిన తొట్టి ఒకటి దొరికింది, ఊటనీళ్ళే పడుతున్నాయి. అంటే నీ పంపుతో పనిలేదు ఇంక.

సరస్సు దాటే చోటు ఒక్కటే మిగిలింది. అది చూసేస్తే నీ మాట నెగ్గినట్టే.

అక్కడ నేలమీద పడుకుంటే నాకు మంచి నిద్రపట్టింది. ఇంట్లో పట్టడం లేదు ఈమధ్య. వయసు కాబోలు.

కొలీన్ బాగుంది.

గార్త్

*

టూల్ స్ప్రింగ్
ఆగస్టు

గార్త్‌కి,

పడమటి అడవులు తగలబడుతున్నాయి. వారాల తరబడి పొగ. సూర్యుడు నారింజపండులా ఉంటాడు, కళ్ళార్పకుండా చూడొచ్చు. ఇంతకుముందు వచ్చిన నీ ఉత్తరం పొగ వాసన వేసింది, లేదా నా చేతులే వేశాయో.

సైకిళ్ళు లేవు. ఈ గాలిలో ఎవరు తొక్కుతారు. చివరిగా వచ్చింది ముసలి భార్యాభర్తలు, ఒకే సైకిలు మీద ఇద్దరూ, ముందొకరు వెనకొకరు. వెనక కూర్చున్నావిడ నాతో రహస్యంగా, నేను తొక్కనండీ ఊరికే కాళ్ళు ఆడిస్తాను, ఆయనకి తెలీదు అంది. ఆయనకి తెలుసని నాకనిపించింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

పోస్టు బండి వెర్నాన్ చేత ఊళ్ళోంచి పంక్చరు అతుకులు, రెండు సైజుల ట్యూబులు తెప్పించాను. ఎవరికైనా పనికొస్తాయి. పాడయ్యేవేం కావు కదా, వచ్చే ఏడాదికైనా ఉంటాయి.

నువ్వు ఆ సరస్సు మీద మరీ సాహసాలు చెయ్యకు. ఇప్పుడు ఎండి ఉన్నా వాన పడిందంటే అది బురదగుంట. నీళ్ళ తొట్టి కూడా ఎవరిదో ఏమో, వాళ్ళు మూసేస్తే? కొత్త దారి కుదరకపోతే కుదరలేదని రాసెయ్. నేనేమీ అనుకోను. మాటిచ్చావు కదా అని ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు.

బొచ్చెలు, గిన్నెలు అన్నిటి మీదా బూడిద. తుడవడం మానేశాను.

మా మరదలు ఒక్క ముక్క కూడా రాయదేం? నా మీద కోపమా?

వెర్లా

*

బెండ్, ఆసుపత్రి నుంచి
సెప్టెంబరు

అక్కా,

ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు చూసి భయపడకు. కుడివైపు మెడ దగ్గరి ఎముక విరిగింది, పక్కటెముకలు కొన్ని కూడా. అంతే.

నువ్వు చెప్పినట్టే అయింది. సరస్సు సగం దాటాక వాన. ఆ మన్ను తడిసిందంటే బంకే. చక్రాలకి పట్టేసి సైకిలు తిరగదు. భుజాన వేసుకుని నడిచాను. గట్టు ఎక్కుతుంటే కాలు జారింది. గట్టు కింద నేను, నా పైన సైకిలు.

ఎంతసేపు పడున్నానో తెలీదు. గొర్రెల కాపరి చూశాడు, యుసేబియో అని, పెరూ నుంచి వచ్చినవాడు. అతని మాట నాకు రాదు, నా మాట అతనికి రాదు. గుర్రం మీద ఎక్కించి తన బండి దాకా తీసుకెళ్ళాడు, గొర్రెమాంసం పులుసు చెంచాతో తాగించాడు. నేను ఏడిస్తే అటు తిరిగి కూర్చున్నాడు. నొప్పికి ఏడ్చాననుకున్నాడు కాబోలు.

అయితేనేం, దారి కుదిరింది. సరస్సులోకి దిగకుండా గట్టు వెంబడే పోవచ్చని అక్కడ పడుకునే కనిపెట్టాను. దారి వివరాలన్నీ మ్యాపుల వాళ్ళకి పంపించేశాను. వచ్చే ఏడాది నుంచి నీ ఇంటి ముందు ఒక్క సైకిలు కూడా కనపడదు.

రావొద్దు నువ్వు. అంత దూరం. కొలీన్ చూసుకుంటోంది.

గార్త్

*

టూల్ స్ప్రింగ్
అక్టోబరు

తమ్ముడూ,

నేనొచ్చినప్పుడు నువ్వు మందుల మత్తులో ఉన్నావు, ఎంత గుర్తుందో తెలీదు. కొలీన్ వాళ్ళ అమ్మగారి ఊరెళ్ళిందని చెప్పావు. నేను సరే అన్నాను. నిన్ను చూడ్డానికి ఎవరైనా వచ్చారా అని నర్సమ్మని బయట అడిగితే, మీరే మొదటండీ అంది.

నీ బట్టలు తెద్దామని తాళంచెవి తీసుకుని మీ ఇంటికి వెళ్ళాను. ఎవరో అమ్మాయి చంటిబిడ్డని ఎత్తుకుని తలుపు తీసింది. వాళ్ళు ఆ ఇల్లు కొనుక్కుని ఏడాది దాటిందిట. నేను మెట్ల మీద నిలబడిపోయాను. ఆ అమ్మాయే, గార్త్ గారు షాపు వెనకగదిలో ఉంటారు కదా అంది, నాకు తెలిసిన విషయమే గుర్తుచేస్తున్నట్టు.

నీ గదిలో కూర్చున్నాను. కుర్చీ ఒకటే కాబట్టి మంచం మీద కూర్చున్నాను. గోడనిండా మ్యాపులు. ఒక కప్పు, ఒక పళ్ళెం. వాటిని కడిగాను. దుప్పట్లు ఉతికాను. పొయ్యి మీద మాడిన మరక గీకాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు. బట్టలు తీసుకొచ్చి నీ మంచం పక్కన పెట్టి, కొలీన్ బీరువా బాగా సర్దిందిరా అన్నాను. నువ్వు కళ్ళు మూసుకున్నావు.

దారి పొడుగునా ఇదే ఆలోచించాను. ఆ రోజు మా తలుపు ఎందుకు తట్టలేదో తెలిసింది. నేను మొదట అడిగేది కొలీన్ గురించే కదా. దానికి నువ్వేం సంజాయిషీ రాయక్కర్లేదు.

ఇప్పుడు నా సంగతి. మీ బావ పోయిన తర్వాత రెండు చలికాలాలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. వెర్నాన్‌తో తప్ప. వాడు బండి ఇంజను ఆపడు కూడా. ఒకరోజు గట్టిగా ఒక మాట అందామని నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు, దగ్గాల్సి వచ్చింది. ఆ సైకిళ్ళ వాళ్ళు వచ్చినప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ జూన్ తర్వాత పొద్దున్నే లేచి రోడ్డు వైపు చూసేదాన్ని. ఎవరూ రాని రోజు మధ్యాహ్నం నుంచే పడుకునేదాన్ని. అది నీకు రాయడానికి సిగ్గేసింది. తిట్టిన నోటితోనే ఎలా చెప్పను?

దారి మార్చకు గార్త్. వాళ్ళని ఇటే రానీ.

నీ అక్క

*

బెండ్
నవంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి షాపులో నిలబడి నవ్వాను. ఆ తర్వాత నవ్వు ఎటో పోయింది.

మ్యాపులు అచ్చయిపోయాయి. ఫోన్లలో కూడా మారిపోయింది. వచ్చే జూన్‌లో ఆ దారి తొక్కడానికి ఎక్కడెక్కడి వాళ్ళో ఇప్పటికే పేర్లిచ్చారు. గట్టు మీద దారి చూసి అందరూ మెచ్చుకుంటున్నారు, ఇంత అందమైన దారి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు అంటున్నారు. ఇప్పుడు వెనక్కి తిప్పడం నా చేతిలో లేదు. నువ్వడిగావని ఎండాకాలం అంతా తిరిగాను అక్కా. ఎముకలు విరగ్గొట్టుకున్నాను. నువ్వు అడిగింది చెయ్యగలిగానన్న సంతోషం ఒక్కటే ఉండింది ఈ ఏడాది నాకు. నీమీద కోపం రావట్లేదు. వస్తే బాగుండును.

కొలీన్ సంగతి రాస్తాను. పెద్ద గొడవేం జరగలేదు. ఒక ఆదివారం నేను దారి చూడ్డానికి వెళ్ళి చీకటిపడ్డాక వస్తే, బల్ల దగ్గర కోటు వేసుకుని కూర్చుని ఉంది. ‘నువ్వు ఎక్కడికి వెళ్ళినా తిరిగొచ్చే దారి బాగా గుర్తుపెట్టుకుంటావు గార్త్, వచ్చాక మాత్రం ఇక్కడ ఉండవు’ అంది. అర్థం కాలేదు అన్నాను. తెలుసు అంది. అంతే. ఇప్పుడు స్పొకేన్‌లో ఉంటోంది. ఎవరితోనైనా చెప్తే నిజమైపోతుందని చెప్పలేదు నేను. నీకు కూడా.

ఎముక అతుక్కుంటోంది. మంచు కరిగాక డాక్టరు తొక్కమంటే నేను వస్తాను. కొత్త దారిలో కాదు, నీ దారిలో. గుంపేం ఉండదు, నేనొక్కణ్ణే.

నీళ్ళు ఉంటాయా?

గార్త్

*

టూల్ స్ప్రింగ్
జూన్

తమ్ముడూ,

నువ్వు బెండ్‌కి క్షేమంగా చేరావని వెర్నాన్ ఊళ్ళో విని చెప్పాడు. ఇంజను ఆపి చెప్పాడు.

ఈ ఏడాది నువ్వు తప్ప ఎవరూ రాలేదు. మ్యాపు మారితే ఇంత తొందరగా జనం మాయమైపోతారని అనుకోలేదు నేను. జోనెల్ బోయిసీ నుంచి కార్డు రాసింది, గట్టు మీదుగా వెళ్ళిందిట, చాలా అందంగా ఉందిట, అంత ఎత్తు నుంచి మా ఇంటి పైకప్పు మెరుస్తూ చిన్నగా కనిపించిందిట. చెయ్యి ఊపానండీ అని రాసింది.

నువ్వున్నన్నాళ్ళూ మనం పెద్దగా మాట్లాడుకోలేదు. మాటల కోసం నేను వెతుక్కున్నాను, నువ్వు వెతుక్కోలేదు. కొట్టం తలుపు బాగుచేశావు. మీ బావ సమాధి గుట్ట మీది రాళ్ళు సరిచేశావు. పొద్దుట కాఫీ తాగుతూ ఇద్దరం రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాం. నిన్ను ఇక్కడే ఉండిపొమ్మన్నాను. నాలుగు రోజులకే నీకు కాళ్ళు లాగుతాయి, అది నాకూ తెలుసు, అయినా అన్నాను. నన్ను బెండ్ రమ్మన్నావు. ఒక కుర్చీ ఉన్న గదిలోకి. ఇద్దరం నవ్వాం. నవ్వి, ఇద్దరం కుదరదన్నాం. తర్వాత చాలాసేపు ఎవరమూ ఏమీ అనలేదు. అది కష్టంగా లేదు నాకు. నీకు?

నువ్వు బయల్దేరిన పొద్దున గాలి లేదు. నువ్వు కనపడకుండా పోయాక కూడా నీ వెనక లేచిన దుమ్ము వంపు దగ్గర నిలబడే ఉంది. నువ్వు పోయినా అది పోలేదు. అది కూడా కిందికి దిగాక రోడ్డు మీదికి వెళ్ళాను.

కంకర పక్కన మెత్తటి మట్టిలో నీ టైరు గుర్తు పడింది. సన్నగా, పొడుగ్గా, ఒకే ఒక్క గీత. రాయి అడ్డొచ్చిన చోట పక్కకి తిరిగి మళ్ళీ కలిసింది. వంపు దాకా దాని వెంటే నడిచాను, దాని మీద కాలు పెట్టకుండా. వెనక్కి కూడా అలాగే వచ్చాను.

ఇవాళ పొద్దున కూడా ఉంది. సాయంత్రానికి గాలి లేస్తుందంటున్నారు రేడియోలో.

అక్క